భూకంపం నాటి మంత్రి: పోంబాల్ జీవితం



శ్రీసభ చరిత్రలో కొన్ని పేర్లు చెప్పగానే పెద్ద గురువులు నేటికీ ముఖం చిట్లిస్తారు. వాటిలో పోంబాల్ ఒకటి. పోర్చుగల్ రాజ్యంలో 27 ఏళ్ళు మంత్రిగా ఉండి యేసుసభ గురువులను అక్కడినుండి వెళ్ళగొట్టినవాడు, పాపుగారి రాయబారిని సరిహద్దు దాటించినవాడు, ఒక వృద్ధ మిషనరీని నడివీధిలో చంపించినవాడు ఆయనే. ఇలాంటివాని కథ మన పత్రికలో ఎందుకని మీలో కొందరు అడగవచ్చు. 1755 నవంబరు 1న లిస్బన్ నగరం నేలమట్టమైనప్పుడు చచ్చినవారిని పాతిపెట్టే ఏర్పాటు, బ్రతికినవారికి తిండిపెట్టే ఏర్పాటు చేసినవాడు కూడా ఆయనే. ఆ సంగతి వదిలేసి ఈ సంగతి చెప్పినా, ఈ సంగతి వదిలేసి ఆ సంగతి చెప్పినా అది అబద్ధమే అవుతుంది. అందుకని రెండూ చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

ఆయన అసలు పేరు సెబాస్తియాన్ జోజె ద కర్వాల్యో. 1699 మే 13న లిస్బన్‌లో జన్మించాడు. పోంబాల్ అన్నది డెబ్బయ్యో ఏట దక్కిన బిరుదు కాబట్టి, అంతవరకు ఆయనను కర్వాల్యో అనే పిలుద్దాం. తండ్రి ఓ మోస్తరు భూస్వామి. కుర్రవాడు కోయింబ్రా విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివాడు, కొంతకాలం సైన్యంలో ఉన్నాడు, రెండింటిలోనూ నిలవలేదు. తరువాత గొప్పింటి వితంతువు ఒకామెను, బంధువులు వద్దంటున్నా వినకుండా, తీసుకుపోయి పెళ్ళాడాడు. ఆ గొప్పింటివాళ్ళు ఆయనను ఎన్నడూ తమ పంక్తిలో కూర్చోబెట్టుకోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుముందు అవసరపడుతుంది.

నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక గానీ ఆయనకు చెప్పుకోదగ్గ ఉద్యోగం రాలేదు. 1738లో లండన్‌కు రాయబారిగా నియమితుడయ్యాడు, ఆ తరువాత వియన్నాకు పంపారు. మొదటి భార్య చనిపోగా వియన్నాలో డౌన్ అనే ప్రభువుల వంశంలో రెండో పెళ్ళి చేసుకున్నాడు. 1750లో పాత రాజు గతించి ఆయన కుమారుడు మొదటి జోజె గద్దె ఎక్కాడు. కొత్త రాజుగారికి వేట ఇష్టం, సంగీత నాటకాలు ఇష్టం, కాగితాలు చూడడం మాత్రం ఇష్టం లేదు. అలాంటి రాజుకు కాగితాలు చూసే మంత్రి దొరికాడు. ఐదేళ్ళు అలా గడిచాయి.

1755 నవంబరు 1 శనివారం. సకల పునీతుల పండుగ. లిస్బన్‌లో ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో మీకు నేను వర్ణించనక్కరలేదు, పండుగ పూజ అంటే ఏమిటో మీకు తెలుసు. ప్రతి గుడీ నిండిపోయింది, పీఠాల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఉదయం 9 గంటల 40 నిమిషాల ప్రాంతంలో నేల కదిలింది. కొన్ని నిమిషాలపాటు ఆగి ఆగి ఊపింది. రాతి కప్పులు పూజలో ఉన్న జనం మీద కూలాయి. కర్మెలు మఠం దేవాలయం పైకప్పు ఆనాడు పడిపోయింది. ఆ మొండి స్తంభాలను, ఆకాశం కనబడే ఆ వంపులను లిస్బన్‌వారు నేటికీ అలాగే ఉంచారు.

బయటపడినవారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని విశాలమైన చోటుకోసం పరుగెత్తారు. నగరంలో అలాంటి చోటు టేగస్ నది ఒడ్డు. అక్కడ గుమిగూడి పైకి చూస్తున్నారే గాని, నీటివైపు చూసినవారు తక్కువ. ముందు నీరు వెనక్కి లాగేసి రేవు అడుగు బయటపడింది. భూమి కదిలిన సుమారు 40 నిమిషాలకు సముద్రం నదీముఖం గుండా పైకి వచ్చింది. లిస్బన్ దగ్గర ఆ అల ఎత్తు 5 మీటర్ల వరకు ఉండవచ్చని నేటివారి అంచనా. నది ఒడ్డున కట్టిన కొత్త రాతి రేవు, దాని మీద నిలబడ్డ జనంతో సహా, పోయింది. ఇంతలో గుడులలో పడిన కొవ్వొత్తులు, వంటిళ్ళలో పొయ్యిలు అంటుకుని ఊరు మండడం మొదలైంది. ఆ మంటలు ఐదారు రోజులు ఆరలేదు. సకల పునీతుల పేరుమీద ఉన్న రాజవైద్యశాల రోగులతో సహా కాలిపోయింది. 70 వేల గ్రంథాలున్న రాజుగారి గ్రంథాలయం, ఏడు నెలల క్రితమే తెరిచిన నాటకశాల బూడిదయ్యాయి. నగర జనాభా 2 లక్షలు అనుకుంటే, అందులో 30 నుండి 40 వేలమంది పోయి ఉంటారని తరచు చెబుతారు. అంతకు తక్కువ చెప్పేవారూ, ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు.

పోర్చుగల్‌కు నైరుతి దిక్కున, అట్లాంటిక్ సముద్రం అడుగున, ఆఫ్రికా ఫలకం యూరప్ ఫలకాన్ని ఒత్తే చోట ఆ కదలిక పుట్టిందని నేడు మనకు తెలుసు. దాని తీవ్రత 8.5 నుండి 9 మధ్య అని లెక్కకట్టారు. ఆనాడు ఎవరికీ ఇది తెలియదు.

రాజకుటుంబం ఆ రోజు తెల్లవారుజామునే పూజ విని నగరం వెలుపల బెలెం అనే చోట ఉండడం వల్ల బ్రతికింది. కాని రాజుగారి ధైర్యం పోయింది. ఆయన మళ్ళీ ఎన్నడూ రాతి కప్పు కింద నిద్రపోలేదు. డేరాల్లో, చెక్క ఇళ్ళలో మిగిలిన జీవితం గడిపాడు. ఏం చెయ్యాలో తోచక ఆయన కూర్చుంటే కర్వాల్యో ముందుకు వచ్చాడు. కొన్ని రోజులపాటు ఆయన తన గుర్రపు బండినే కచేరీగా చేసుకుని, అందులోనే తిని, మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని ఉత్తర్వులు రాశాడని చెబుతారు. ఆ ఉత్తర్వులను 1758లో పుస్తకంగా అచ్చువేశారు. ఏ గురువైనా దానిని తిరగేయడం మంచిదని నా అభిప్రాయం.

అందులో మొదటి పని శవాలు. వేలాది శవాలు శిథిలాల కింద, వీధుల్లో ఉన్నాయి. అంటువ్యాధి వస్తే మిగిలినవారూ పోతారు. మన సంప్రదాయంలో శవానికి గుంట, జపం, శిలువ ఉండాలి. దానికి సమయం లేదు. లిస్బన్ పాట్రియార్కు గారి అనుమతి అడిగి తీసుకుని, శవాలను పడవల్లో వేసి నదీముఖం దాటించి, బరువులు కట్టి సముద్రంలో వదిలారు. అనుమతి ఇచ్చిన ఆ కార్డినల్ గారి మనసును కూడా ఒకసారి ఊహించుకోండి. తరువాత తిండి. చుట్టుపక్కల ఊళ్ళనుండి ధాన్యం తెప్పించారు. రొట్టె ధర భూకంపానికి ముందున్న ధరను మించకూడదన్నారు. చేపల మీద పన్ను తీసేశారు. ఆరోగ్యంగా ఉన్నవారు ఊరు వదిలిపోకుండా సైన్యాన్ని నిలబెట్టి, శిథిలాలు తీసే పనికి పెట్టారు. నిలిచిన మఠాలు ఆసుపత్రులయ్యాయి. గురువులు, మఠవాసులు, కన్యాస్త్రీలు గాయపడినవారికి సేవ చేశారు. ఇదంతా అయ్యాక ఎత్తయిన చోట్ల ఉరికంబాలు నాటించి, దోపిడీ చేస్తూ పట్టుబడినవారిని విచారణ పెద్దగా లేకుండానే వేలాడదీశాడు. ముప్పైమందికి పైగా అలా పోయారు. ఆయన మేలు ఎక్కడ ఆగిందో, కాఠిన్యం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం. ఒకే చేతితో రాసిన కాగితాలవి.

మన పత్రికలవారికి ఒక చిన్న సంగతి. లిస్బన్ వారపత్రిక ఆ వారం కూడా ఆగలేదు. నవంబరు 6 గురువారం యథాప్రకారం వెలువడింది.

ఆ వారం లిస్బన్ జనం గురువులను ఏమని అడిగి ఉంటారో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇంట్లో శవం ఉండగా లోపలికి వచ్చిన గురువును ఎవరైనా ముందు అడిగేది ఒక్కటే, తాము ఏ పాపం చేశామని. 2004 డిసెంబరు 26 ఆదివారం వేళాంగణి తీరంలో సునామీ వందలాది యాత్రికులను తీసుకుపోయినప్పుడు అదే విన్నాం. మాత గుడిలోకి నీరు రాలేదని ఆనందించినవారు ఉన్నారు. ఒడ్డున బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఆ ఆనందాన్ని ఎలా చెప్పాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. లిస్బన్‌లో ప్రశ్న ఇంకా పదునైనది. పూజలో ఉన్నవారి మీద గుడులు కూలాయి, వేశ్యల ఇళ్ళున్న వీధి నిలిచింది. కర్వాల్యో ఇల్లు కూడా నిలిచింది. దేవుడు తన మంత్రిని కాపాడాడని రాజు మురిసిపోతే, దేవుడు ఆ వీధినీ అలాగే కాపాడాడని దగ్గరున్న ఒక ప్రభువు గుర్తుచేశాడని ఒక కథ ఉంది.

ఈ ప్రశ్నకు గట్టిగా జవాబిచ్చినవాడు గాబ్రియేల్ మలగ్రీద అనే యేసుసభ గురువు. ఆయన సామాన్యుడు కాదు. 1689లో ఇటలీలో పుట్టి, బ్రెజిల్ అడవుల్లో దాదాపు ముప్పై ఏళ్ళు కాలినడకన సువార్త బోధించినవాడు. పాత రాజు మరణశయ్య దగ్గర కూర్చున్నవాడు. జనం ఆయనను బ్రతికుండగానే పునీతుడిగా చూశారు. 1756లో ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. భూకంపానికి కారణం ప్రకృతి కానే కాదని, లిస్బన్ పాపాలే అని, ఇళ్ళు కట్టుకునే ఆరాటం మాని జనం పశ్చాత్తాపపడి పునీత ఇన్నాసివారి ఆధ్యాత్మిక సాధనలకు ఆరు రోజులు కేటాయించాలని దాని సారాంశం.

పశ్చాత్తాపం ఎప్పుడూ మంచిదే. వడకానికి వెళ్ళమని నేనూ ప్రతి తపస్సుకాలంలో మీకు చెబుతూనే ఉంటాను. కాని లూకా సువిశేషం 13వ అధ్యాయం తెరిచి చూడండి. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి మన ప్రభువు ప్రస్తావించాడు. వారు మిగిలినవారికంటె ఎక్కువ పాపాత్ములన్న ఆలోచనను ఆయన తోసిపుచ్చాడు. హృదయపరివర్తన అందరికీ అవసరమన్నాడు గాని, చచ్చినవారి మీద తీర్పు చెప్పలేదు. ఫాదర్ మలగ్రీద భక్తిలో నాకు సందేహం లేదు. ఆ రోజు పూజలో చనిపోయిన పసిబిడ్డల గురించి ఆయన రాసినది మాత్రం సువిశేషానికి సరిపోదు. కర్వాల్యోకు ఈ వేదాంత చర్చతో పని లేదు. కట్టడం మానుకోమని చెప్పే పుస్తకం జనాన్ని పనినుండి లాగేస్తుందని ఆయన కోపం. మలగ్రీద గారిని సెతూబల్ అనే ఊరికి పంపించివేశాడు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో లిస్బన్ మాకు లైబ్‌నిజ్ పాఠం చివర వచ్చేది. ఉండదగిన లోకాలలో ఇదే ఉత్తమమన్న వాదాన్ని ఎగతాళి చేస్తూ వోల్టేర్ ఒక కావ్యం, 1759లో ఒక నవల రాశాడు. జర్మనీలో యువకుడైన కాంట్ 1756లో భూకంపాల మీద మూడు వ్యాసాలు రాశాడు. వారంతా దూరాన కూర్చుని రాశారు. ఊళ్ళో ఉండి రాసినవారు వేరే ఉన్నారు, వారిని ఏ పాఠంలోనూ మాకు చెప్పలేదు. వారు విచారణ గురువులు.

1756 ఆరంభంలో రాజ్యంలోని విచారణ గురువులందరికీ ఒక ప్రశ్నాపత్రం వెళ్ళింది. భూమి ఎన్ని గంటలకు కదిలింది, ఎంతసేపు కదిలింది? ఒక దిక్కుకు ఎక్కువ ఊగినట్టు అనిపించిందా? ఎన్ని ఇళ్ళు కూలాయి, ఎంతమంది చనిపోయారు? సముద్రం ముందు లోపలికి పోయిందా, పైకి వచ్చిందా, ఎన్ని జానలు పెరిగింది? బావుల్లో, ఊటల్లో నీరు మారిందా? నేల బీటలు వేసిందా? ఇలాంటి ప్రశ్నలే. పాపాల గురించి ఒక్కటీ లేదు. 1758లో ఇంకా పెద్ద ప్రశ్నాపత్రం పంపారు. జ్ఞానస్నాన పుస్తకాలు, మరణ పుస్తకాలు రాసే చేతులతోనే ఆ గురువులు జవాబులు రాశారు, కొందరు రెండు ముక్కల్లో, కొందరు పుటలకొద్దీ. ఆ జవాబులు లిస్బన్‌లోని జాతీయ పత్రాగారంలో నేటికీ ఉన్నాయి. ఆ భూకంపం కొలతలు లెక్కగట్టే శాస్త్రజ్ఞులు వాటినే తెరుస్తారు. ఆ పత్రాగారం ఉన్న గోపురం కూడా ఆనాడు కూలింది. దాని పాలకుడు మాన్యుయెల్ ద మాయియా, అప్పటికే ఎనభై ఏళ్ళకు చేరువైన ఇంజనీరు, కాగితాలను శిథిలాలనుండి ఏరించి చెక్క పాకలో భద్రపరిచాడు.

నగరాన్ని మళ్ళీ కట్టే పథకం వేసినవాడూ ఆ ముసలాయనే. వంకరటింకర సందులు పోయి తిన్నని వెడల్పు వీధులు వచ్చాయి. గోడల లోపల కర్రలతో పంజరంలాంటి చట్రం కట్టి, దాని చుట్టూ రాయి, సున్నం పెట్టారు. రాయి విరిగినా కర్ర వంగి నిలుస్తుందని. నమూనా చట్రం చుట్టూ సైనికులను దబదబ కవాతు చేయించి దాని గట్టిదనం పరీక్షించారని చెబుతారు. ఆ ఇళ్ళు లిస్బన్ దిగువ పట్టణంలో నేటికీ ఉన్నాయి, జనం వాటిలో కాపురాలూ వ్యాపారాలూ చేస్తున్నారు.

ఇక్కడితో ఆపితే కర్వాల్యో మహానుభావుడు. ఆయన ఆపలేదు. ఆపత్కాలంలో చేతికి వచ్చిన అధికారాన్ని ఆపద తీరాక తిరిగి ఇవ్వలేదు. 1758 సెప్టెంబరు 3 రాత్రి ఎవరో రాజుగారి బండి మీద కాల్పులు జరిపారు. తనను పంక్తిలో కూర్చోబెట్టుకోని ఆ గొప్పింటివాళ్ళు గుర్తున్నారా? నేరం వారిమీద పడింది. 1759 జనవరి 13న బెలెంలో తావొరా మార్క్విస్‌ను, ఆయన భార్యను, కొడుకులను, అవీరో డ్యూకును ప్రజల ముందు చంపించారు. కొందరి ఎముకలు విరగ్గొట్టి చంపారు. అది చదువుతుంటే చేయి వణుకుతుంది. అందులో నిజమైన నేరస్థులు ఎందరో చరిత్రకారులు నేటికీ తేల్చలేదు. తావొరా మార్క్విస్ భార్యకు ఆత్మగురువు మలగ్రీద. అంతే, యేసుసభ మొత్తం ముద్దాయి అయింది. అదే ఏడు సెప్టెంబరులో సభను రాజ్యం నుండి బహిష్కరించారు. వెయ్యిమందికి పైగా గురువులను, సహోదరులను ఓడలెక్కించి పాపుగారి రేవుల్లో దింపారు. మరికొందరిని సముద్రపుటొడ్డు కోటల చీకటి కొట్లలో పడవేశారు. తమాషా ఏమంటే, 1756లోనే పోర్చుగల్ దేశం భూకంపాలనుండి కాపాడమని ఒక పునీతుడిని పాలకుడిగా కోరుకుంది, ఆయన పునీత ఫ్రాన్సిస్ బోర్జియా, యేసుసభవాడే.

ఫాదర్ మలగ్రీద జైలులో మతి చలించాడు. తనకు దర్శనాలు కలుగుతున్నాయని రాసుకున్న కాగితాలను పట్టుకుని ఇంక్విజిషన్ న్యాయస్థానం ఆయనను పతితుడని తీర్పు ఇచ్చింది. ఆ న్యాయస్థానానికి పెద్ద అప్పటికి కర్వాల్యో తమ్ముడు. 1761 సెప్టెంబరు 21న లిస్బన్ నడిబొడ్డున 72 ఏళ్ళ ముసలి గురువును గొంతు నులిమి చంపి, శవాన్ని కాల్చివేశారు. మలగ్రీద అంటే గిట్టని వోల్టేర్ కూడా దీనిని అసహ్యించుకున్నాడు.

లెక్క ఇంకా చిక్కుబడుతుంది. 1761లోనే ఆయన పోర్చుగల్ గడ్డమీదకు బానిసలను తేవడం నిషేధించాడు, బ్రెజిల్‌లో మాత్రం బానిసత్వం సాగనిచ్చాడు. యూదుల వంశంలో పుట్టిన క్రైస్తవులను వేరుగా చూసే చట్టాన్ని 1773లో రద్దుచేశాడు. మన గోవాలో ఇంక్విజిషన్‌ను 1774లో మూయించాడు, అది కొన్నేళ్ళకు మళ్ళీ తెరుచుకున్నది వేరే సంగతి. ఆయన వేసిన బాటలోనే ఫ్రాన్సు, స్పెయిను నడిచి యేసుసభను వెళ్ళగొట్టాయి. చివరికి 1773లో 14వ క్లెమెంట్ పాపుగారు సభనే రద్దుచేయవలసి వచ్చింది. దాని దెబ్బ మన తెలుగు నేలకూ తగిలింది. రాయలసీమ పల్లెల్లో మన పూర్వీకులకు జ్ఞానోపదేశం చేసిన కర్నాటక మిషన్ ఫ్రెంచి యేసుసభ గురువులది. సభ రద్దయ్యాక వారి స్థానంలో కొత్తవారు రారాయె. ఆ మిషన్ పారిస్ విదేశీ మిషన్ సభవారి చేతికి మారింది.

1777 ఫిబ్రవరిలో రాజు చనిపోయాడు. కూతురు మరియ రాణి అయింది. జైళ్ళు తెరిచారు, వందలాదిమంది వెలుతురు చూశారు. కొందరు 18 ఏళ్ళుగా లోపల ఉన్నవారు. ముసలి మంత్రి పదవి పోయింది. నది ఒడ్డున రాజుగారి విగ్రహం పీఠానికి ఉన్న ఆయన ముఖచిత్రాన్ని ఊడపెరికారు, దానిని 1833లో గాని మళ్ళీ పెట్టలేదు. 1781లో రాణి ఆయనను శిక్షార్హుడని ప్రకటించింది. వయసు చూసి ప్రాణం వదిలేసి, కొలువుకు 20 లీగుల దూరంలో ఉండమన్నది. 1782 మే 8న, 83వ పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు, పోంబాల్ అనే చిన్న ఊళ్ళో ఆయన మరణించాడు. శవపేటికను ఆ ఊరి ఫ్రాన్సిస్కన్ మఠం గుడిలో ఉంచారు. దానిని లిస్బన్‌కు తీసుకువెళ్ళి సమాధి చేయాలన్నది చాలా ఏళ్ళపాటు ఒక మాటగానే ఉండిపోయింది. వేలాది శవాలకు వారం రోజుల్లో దారి చూపినవాని శవం యాభై ఏళ్ళు మట్టి కాకుండా ఉంది.

యేసుసభ 1814లో తిరిగి ప్రాణం పోసుకుంది. 1829లో కొందరు ఫ్రెంచి యేసుసభ గురువులు పోర్చుగల్‌లో అడుగుపెట్టారు. 1832లో వారు లిస్బన్ నుండి కోయింబ్రాకు పోతూ దారిలో పోంబాల్ ఊళ్ళో ఆగారు. వారి పెద్ద ఫాదర్ డెల్వో మఠం గుడిలోకి వెళ్ళి చూస్తే, పాత గుడ్డ కప్పిన ఆ పేటిక ఒక మూల అలాగే ఉంది. అది ఎవరిదో ఆయనకు తెలుసు. మరునాటి పని వాయిదా వేయలేదు, ఎవరి అనుమతికోసమూ ఎదురుచూడలేదు. ఆ పేటిక ఎదుటే సెబాస్తియాన్ ఆత్మశాంతికోసం మృతుల పూజ సమర్పించి, కోయింబ్రా దారి పట్టాడు.